రాయి చూపిన చేతికి వాటా ఏది?

2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే బంగారు, వెండి నగలున్న బిందె బయటపడింది. జనం ఎగబడ్డారు, అధికారులు వచ్చి స్వాధీనం చేసుకున్నారు. ఇలాంటి దొరుకుబడి గురించి 1878లో బ్రిటిష్ వాళ్లు చేసిన నిధుల చట్టం ఒకటుంది. సొంతదారు తేలక, ప్రభుత్వమూ తీసుకోకపోతే, వేరే ఒప్పందం లేనిచోట నిధిలో నాలుగింట మూడు వంతులు దాన్ని కనుగొన్నవారికే చెందాలని అందులో ఉంది. పరాయి పాలకులు కూడా కనుగొన్నవారికి ఒక హక్కు ఉందని ఒప్పుకున్నారన్నమాట.

మరి లోహం నగలుగా కాక రాయిగా ఉంటే?

మహబూబాబాద్ జిల్లా బయ్యారం గుట్టల సంగతి చూడండి. ఇనుప రాయిని పోల్చుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. చేతిలోకి తీసుకుంటే మామూలు రాయికన్నా బరువు తెలుస్తుంది. మాగ్నటైటు అయితే అయస్కాంతం అతుక్కుంటుంది, హెమటైటును గరుకు రాతి మీద గీస్తే ఎర్రగీత పడుతుంది. తునికాకుకూ ఇప్పపూవుకూ కట్టెలకూ ఏళ్ల తరబడి గుట్టలెక్కే కోయ, లంబాడా స్త్రీలకు ఏ వాలులో ఏ రాయి ఉందో తెలియకుండా ఉంటుందా? సర్వే బృందం వచ్చినప్పుడు ముందు దారి అడిగేది ఊరివాళ్లనే. తర్వాత తయారయ్యే నివేదికలో మాత్రం ఊరు పేరుంటుంది, మనుషుల పేర్లుండవు.

1957 గనుల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఖనిజం వెతకడమూ తవ్వడమూ నేరం. 2015 సవరణ తర్వాత శిక్ష ఐదేళ్ల జైలు దాకా పోవచ్చు. 2023లో ఇదే చట్టంలో కొత్తగా అన్వేషణ లైసెన్సు పెట్టారు. బంగారం, రాగి వంటి లోతు ఖనిజాలను కంపెనీ వెతికి నిరూపిస్తే, తర్వాత జరిగే గని వేలం సొమ్ములో దానికి వాటా ఇస్తారు. కాబట్టి కనుగొన్నవారికి ప్రతిఫలం ఇవ్వాలన్న సూత్రం ప్రభుత్వానికి తెలియనిది కాదు. అది కంపెనీకి వర్తిస్తుంది, గుట్టెక్కే మనిషికి వర్తించదు.

2013లో బయ్యారం ఖనిజాన్ని విశాఖ ఉక్కుకు ఇవ్వాలన్నప్పుడు తెలంగాణ అంతా కదిలింది. 2014 విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమో కాదో ఆరు నెలల్లో పరిశీలించాలని రాశారు (బయ్యారం 2016లో మహబూబాబాద్‌లోకి వచ్చింది). తర్వాత రాయిలో ఇనుము శాతం తక్కువన్నారు, లాభసాటి కాదన్నారు. ఈ వాదనంతా రాష్ట్రాల మధ్య, పార్టీల మధ్య సాగింది. గుట్ట కింద పోడు చేసుకునే స్త్రీని అడిగిందెవరు?

పనిలో స్త్రీ ఎక్కడుంటుందో కూడా చూడాలి. చేతితో చేసే చిన్న గనుల్లో ప్రపంచమంతటా సుమారు మూడో వంతు స్త్రీలేనని అంచనా. వాళ్లకొచ్చేది రాయి ఏరడం, కొట్టడం, జల్లెడ పట్టడం, తట్టలెత్తడం. క్వార్ట్‌జైటుతో కలిసిన ఇనుప రాయిని కొడితే సిలికా దుమ్ము లేస్తుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. సిలికోసిస్‌కు పరిహారం అడగాలంటే హాజరు పట్టీలో పేరుండాలి. కొట్టిన రాయికి లెక్కగట్టి కూలి భర్త చేతికిస్తే భార్య పేరు ఎక్కడెక్కుతుంది? ఆమె దగ్గు మాత్రం ఆమెదే.

ఇక భూపాలపల్లి. అక్కడిది లోహం కాదు, సింగరేణి బొగ్గు. అయినా అదే కథ. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భంలోకి రానివ్వలేదు. రక్షణ అన్నారు గానీ దాంతోపాటు నెల జీతం కూడా పోయింది. 2019లో భూగర్భంలో తలుపు తెరిచినా సాంకేతిక, పర్యవేక్షక, మేనేజరు ఉద్యోగాలకే తెరిచారు. చదువులేని కార్మికుని భార్యకు అందులో దారి దొరకలేదు.

చట్టాలు అసలే లేవా అంటే ఉన్నాయి. 1/70 ఉంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం తన భూమినైనా గిరిజనేతర ప్రైవేటు సంస్థకు గనులకివ్వకూడదని 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చని కూడా చెప్పింది. ఆ రెండో మాట ఎవరికీ గుర్తురాదు. పెసా చట్టంలో గనుల లీజుకు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరే, కానీ అది చిన్న ఖనిజాలకే. ఇనుము అందులోకి రాదు. ఈ లొసుగు మీద గొడవ చేయాల్సిన సంఘాలు చేయకపోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే.

2006 అటవీ హక్కుల చట్టం పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇమ్మంది. దాని నిబంధనల ప్రకారం గ్రామసభకు వచ్చినవారిలో మూడో వంతు స్త్రీలుండాలి. ఖనిజం కోసం భూమి తీసుకునే ప్రతి సభలోనూ ఇదే లెక్క అడుగుదాం. రాయి ఏరి అమ్ముకునే సహకార సంఘం పెడితే అందులో స్త్రీల పేర్లు వాటాదారులుగా ఉండాలి, హాజరు పట్టీ వేరుగా ఉండాలి, రాయి కొట్టేచోట నీళ్లు చల్లే ఏర్పాటుండాలి. మండలాల్లో పనిచేసే మన సభ్యులు రాబోయే గ్రామసభల తీర్మానాల నకళ్లు అడిగి తెచ్చుకుని, వాటి మీద ఎన్ని స్త్రీల సంతకాలు, ఎన్ని వేలిముద్రలు ఉన్నాయో లెక్కపెట్టి రాయండి.