పుట్టి మరమ్మతు – మన చదువు

మన దామరచర్ల మండలంలోని వాడపల్లి వద్ద మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఆ గ్రామానికే వజీరాబాదు అను పేరు కూడ కలదు. 1948 వరకు ఈవలి ఒడ్డు నిజాం రాజ్యం, ఆవలి ఒడ్డు మద్రాసు రాష్ట్రం. 2014 నుండి ఈవల తెలంగాణ, ఆవల ఆంధ్రప్రదేశ్. ఎల్లలు ఎన్ని మారినా రెండు ఒడ్డుల జాలరులకు పుట్టి మాత్రం వాహనంగా మిగిలియున్నది. (ధాన్యపు కొలతలో ఇరువది తూములకు ఒక పుట్టి. మేము చెప్పుచున్నది ఆ పుట్టిని గురించి కాదు.)

వెదురు బద్దలతో బుట్టవలె అల్లి, వెలుపల నీరు చొరని కప్పు వేసినదే పుట్టి. పూర్వం ఆ కప్పు తోలు. ఇప్పుడు ఎరువుల సంచులు కుట్టి వాటిపై తారు పూయుదురు. సుమారు 1520 ప్రాంతంలో విజయనగరం చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది రేవులో ఇటువంటి తోలు పడవలలో పదిహేను ఇరువది మంది దాటుదురని వ్రాసియుంచినాడు. అంతకు దాదాపు రెండువేల ఏండ్లకు ముందే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోను నదిలో గుండ్రని తోలు పడవలను వర్ణించినాడు. ఇరాకు ప్రజలు తమ గుండ్రని పడవను ఖుఫ్ఫా అందురు. ఆ మాటకు అర్థం బుట్ట అనియే.

ఇంత ప్రాచీనమైన వస్తువును బాగుచేయు విద్య మన ఇళ్ళ ముంగిళ్ళలోనే ఉన్నది. అయినను దానికి మన చదువులో చోటు లేదు. ఇది సరికాదని మా అభిప్రాయం.

మరమ్మతు అను మాట అరబ్బీలో పుట్టి, ఫారసీ ఉర్దూల మీదుగా తెలుగునకు వచ్చి, తెలుగు మాటగానే స్థిరపడినది. ఉర్దూ శాఖ మిత్రులు పడవవానిని మల్లాహ్ అందురు, మనము సరంగు అందుము. మాట ఏదైనను ఆతని ప్రాణం పుట్టి అడుగుననే ఉన్నది. 2020 ఆగస్టులో నారాయణపేట జిల్లాలో ఇదే కృష్ణలో పుట్టి మునిగి ప్రాణాలు పోయినవి. మన వద్ద ఎగువన నాగార్జునసాగరం, దిగువన పులిచింతల ఉన్నవి. ఎగువ నుండి నీరు వదలినప్పుడు ప్రవాహం చూచుచుండగనే మారిపోవును. అట్టి సమయంలో కారు పుట్టిలో ఉన్నవాని గతి ఏమి?

దీనికి మన తరగతి గదిలోని లెక్కయే చాలును. నీటిమట్టం వద్ద రెండు మీటర్ల వ్యాసం గల పుట్టి ఒక్క సెంటీమీటరు దిగుటకు రమారమి 31 కిలోల బరువు కావలెను. ఆ అడుగున అయిదు సెంటీమీటర్ల నీరు చేరినచో అది నూటయేబది కిలోల పైచిలుకు, అనగా పిలువని ఇద్దరు మనుష్యులు ఎక్కి కూర్చున్నట్లు. వారు కుదురుగా కూర్చొనరు. పుట్టి ఎటు వంగిన అటే పరుగెత్తెదరు. ఆర్కిమిడీసు సూత్రం వల్లించి మార్కులు తెచ్చుకొన్న మనలో ఎందరు ఈ లెక్క వేసి చూచితిమి?

మరమ్మతు చేయు తీరు కూడ శాస్త్రమే. ముందు పుట్టిని రెండు మూడు దినములు ఎండబెట్టవలెను. తడి మీద తారు అంటదు. బోర్లించి లోపలినుండి చూచినచో సన్నని చిల్లులలో వెలుతురు కనిపించును. అనుమానం తీరకున్న లోపల కొంచెము నీరు పోసి ఎక్కడ కారునో చూడవలెను. విరిగిన బద్ద ప్రక్కన కొత్త బద్దను, విరుగుడుకు ఇరువైపుల జానెడేసి మించునట్లు, అల్లికలో దూర్చవలెను. ఆ బద్దను ముందు నీట నానవేయనిచో వంచునప్పుడే పగులును. వెదురును కొన్ని వారములు నీట నానవేయుట మన పెద్దల వాడుక; దానిలోని పిండిపదార్థం నీటికి పోయి పురుగు తగ్గును.

అతుకు వెలుపలనే వేయవలెను. ఇది చాలమంది పాటించని సంగతి. వెలుపలి అతుకును నీటి ఒత్తిడియే పుట్టికి అదిమి పట్టును. లోపలి అతుకును అదే ఒత్తిడి ఊడదీయును. ఇంటిలో వంటపొయ్యి మీద తారు కాచుట మాత్రం మేము ఎంతమాత్రం ఒప్పుకొనము. ఆరుబయట కాచవలెను, ప్రక్కన ఇసుక ఉంచుకొనవలెను. అంటుకొన్న తారుపై నీరు చల్లుట చేజేతుల అగ్నిని ఎగజిమ్ముటయే.

ఫైబరు పుట్టిలు వచ్చిన తరువాత ఈ గొడవ ఎందుకని అడుగువారున్నారు. ఫైబరు కూడ రాతికి తగిలిన పగులును. దానికి గరుకు కాగితముతో రుద్ది, గాజుపీచు పరచి, రెసిను పూయవలెను. ఆ రెసినులో గట్టిపరచు ద్రవము నూటికి ఒకటి రెండు పాళ్ళు. ఎక్కువైన వేడెక్కి పెళుసగును, తక్కువైన ఎన్నటికి గట్టిపడదు. ఇది రసాయనశాస్త్రం కాదా? కొత్తది పంచుటలో ఉన్న ఉత్సాహం పాతదానిని నిలుపుటలో లేకపోవుట మన దేశమంతటి జబ్బు. కొత్త పుట్టి కొనలేనివాడు చిల్లు పుట్టితోనే నదికి పోవును, ఇంటివద్ద ఆగడు. పొయ్యి వెలుగవలెను గదా!

ఇంటి మరమ్మతుకు హద్దు లేదని మేము అనము. పైఅంచు కట్టు విరిగినను, అడుగు బద్దలు పుచ్చి వేలితో నొక్కిన దిగబడినను ఆ పుట్టిని ఇక నీటిలో దింపరాదు. ఈ మాట చెప్పుటకు కొంత ధైర్యం కావలెను, వినుటకు మరికొంత. బాగుచేసిన పుట్టిలోనైనను తేలుడు చొక్కా ఉండవలెను.

కళాశాల కూలిపని నేర్పుటకా అని కొందరు పెద్దలకు తోచవచ్చును. మా తోటివారిలో తండ్రి వృత్తిని దరఖాస్తులో వ్రాయుటకు సంకోచించువారున్నారు. వారి తండ్రినే ఒక దినము ప్రయోగశాల ముందరకు గురువుగా పిలిచి కూర్చుండబెట్టిన, ఆ సంకోచం కొంతైనను తగ్గునని మా నమ్మకము. కమిటీవారిని మేము కోరునది పెద్ద వ్యయం కాదు: రెండు డబ్బాల తారు, కొన్ని వెదుళ్ళు, సంచులు, పని నేర్పువానికి దినకూలికి తగ్గని గౌరవ వేతనం. సైన్సు విద్యార్థులు లెక్క చూతురు, ఉర్దూ తెలుగు శాఖలవారు ఆ పనిలోని మాటలను ఇరు లిపులలో వ్రాసి భద్రపరతురు.

తారు పనికి ఎండలు కావలెను, వరద రాకముందే పుట్టి సిద్ధముగా ఉండవలెను. కనుక కమిటీవారు ఈ విషయమును ఫిబ్రవరి లోపలనే ఆలోచించుట మంచిది.