పన్నెండా, ఇరవై నాలుగా?

మోటర్‌హోమ్‌లో గ్యాస్ పొయ్యి వద్దని మా ఆవిడ మొదట్లోనే తేల్చేసింది. "పడుకునే చోట గ్యాస్ బండ ఉంటే నాకు నిద్ర పట్టదు" అంది. సరేనని ఇండక్షన్ పొయ్యి కొన్నాను.

పోయిన వేసవిలో యూటా ఎడారిలో, కరెంటు కనెక్షన్ లేని చోట ఆగాం. వంట మధ్యలో మాడు వాసన. తాలింపేమో అన్నాను. "తాలింపు ఇంకా పెట్టందే! మీ వైర్లు చూసుకోండి" అంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కి వెళ్ళే వైరు మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ రాత్రి బ్రెడ్డు తిని పడుకున్నాం.

కొనకముందు వెయ్యాల్సిన లెక్క ఇంటికొచ్చాక వేశాను. పొయ్యి 1800 వాట్లు. దాన్ని వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు. 12 వోల్టులైతే 150, 24 అయితే 75, 48 అయితే ముప్ఫై ఏడున్నర. ఇన్వర్టర్ తినేది దీనికి అదనం. ఒకే వైరులో కరెంటు సగమైతే వేడి సగం కాదు, నాలుగో వంతవుతుంది. మన పొలాల మీదుగా పోయే హైటెన్షన్ లైన్ల కిటుకూ ఇదే.

మరి ఏకంగా 48కే పోవచ్చుగా అంటారా? నేనూ అదే అనుకున్నాను. కానీ మా బండిలో లైట్లు, నీళ్ళ పంపు, ఫ్యాను అన్నీ 12 వోల్టులవే. వాటికోసం వోల్టేజి తగ్గించే కన్వర్టర్ పెట్టాలి. అది పాడైతే చీకటే, నీళ్ళూ రావు. పైగా డీసీలో స్విచ్ తీసినప్పుడు లేచే మెరుపు ఏసీలోలా తేలిగ్గా ఆరదు. వోల్టేజి పెరిగేకొద్దీ మరీను. ఫ్యూజులు, బ్రేకర్లు ఆ డీసీ వోల్టేజికి తగినవే కొనాలి.

చివరికి 24 దగ్గర ఆగాను. మా ఫ్రిజ్ 12కీ 24కీ కూడా నడుస్తుంది. మిగతావాటికి ఒక కన్వర్టర్, సొరుగులో ఇంకొకటి. బ్యాటరీ, ఇన్వర్టర్ రెండూ మార్చాల్సొచ్చింది, డబ్బు రెండుసార్లు వదిలింది. బ్యాటరీల మీదే ఏసీ కూడా నడపాలనుకుంటే 48 సంగతి ఆలోచించండి. ఏదైనా సరే, ముందు మీ పొయ్యి ఎన్ని వాట్లో చూసుకోండి, వోల్టుల సంగతి తర్వాత. వోల్టేజి ఎంత పెంచినా, బోల్టు వదులుగా ఉంటే అక్కడ వేడెక్కక మానదు.

నిన్న ఇంటి ముందే బండి నిలబెట్టి అరగంట వంట చేశాం. మా ఆవిడ తనే వంగి వైరు మీద చెయ్యి వేసి చూసింది. ఏమీ అనలేదు. లేచి పప్పులో తాలింపు పెట్టింది.