గేర్‌బాక్సు ఎన్ని గుర్రాలను మోయగలదు?

కంపెనీ బిగించి ఇచ్చిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు, దాని కోసం ఉద్దేశించిన దానికంటే బలమైన ఇంజనును తట్టుకోగలదా? అమెరికాలో పాత కార్లకు కొత్త ఇంజన్లు ఎక్కించే వ్యసనపరుల మధ్య ఈ వివాదానికి అర్ధశతాబ్దం దాటింది. ఇన్నేళ్ళలో పుట్టిన జవాబులు మాత్రం రెండే. "తట్టుకోదు, తీసి పారేయండి" అనేది ఒక పక్షం. "నాలుగువందల గుర్రాల దాకా ఢోకా లేదు" అనేది రెండో పక్షం. మొదటి మాట అనేవారిలో ఎక్కువమంది గేర్‌బాక్సులు అమ్ముకొనేవారు, రెండోది అనేవారిలో ఎక్కువమంది ఇంజన్లూ, వాటిని రెచ్చగొట్టే చిప్పులూ అమ్ముకొనేవారు కావడం కేవలం కాకతాళీయమని నేను అనుకోను. ఈ రెండు పక్షాలనూ సమానంగా నిరాకరించడమే ఈ టపా ఉద్దేశం. మధ్యేమార్గం కోసం మాత్రం కాదు. ఇద్దరూ ఒకే తప్పుడు కొలబద్దతో కొలుస్తున్నారు గనుక.

ఆ కొలబద్ద హార్స్‌పవర్. గేర్‌బాక్సుకు హార్స్‌పవర్ అంటే ఏమిటో తెలియదు. దానికి తెలిసింది తనను మెలిపెట్టే బలం, అంటే టార్క్. (బలభ్రామకం అనవచ్చు గాని, ఆ మాట పలికితే ఏ మెకానిక్కూ తల ఎత్తి చూడడు. కనుక టార్క్ అనే అందాము.) ఒక చిన్న ఇంజను ఏడువేల చుట్ల వద్ద మూడువందల గుర్రాలు చూపవచ్చు, ఒక డీజిల్ ఇంజను రెండున్నరవేల చుట్ల లోపునే ఆయాసపడుతూ రెండువందలే చూపవచ్చు. గేర్‌బాక్సును ముందుగా చంపేది రెండోదే. "ఈ బాక్సు అయిదువందల గుర్రాలు మోస్తుంది" అన్న ప్రకటన, "ఈ తాడు అయిదు గజాల బరువు మోస్తుంది" అనడం వంటిది.

జనరల్ మోటార్స్ వారి 700ఆర్4 అనే బాక్సును ఉదాహరణగా తీసుకుందాము. 1982లో వచ్చింది. 1990లో దాని పేరు 4ఎల్60 అయింది. 1993లో దానికి కంప్యూటర్ పెత్తనం వచ్చి 4ఎల్60-ఈ అయింది. ఇంజను మార్పిడులలో ఇన్ని నిందలు మోసిన బాక్సు మరొకటి ఉండదేమో. దాని మొదటి గేరు నిష్పత్తి 3.06. టార్క్ కన్వర్టర్ బండి ఆగి ఉన్న క్షణంలో ఇంజను టార్కును సుమారు రెండింతలు చేస్తుంది. 350 పౌండ్-అడుగుల ఇంజను అనుకుంటే, కదలబోయే ఆ క్షణాన బాక్సు వెనుక కడ్డీ మీద రెండువేల పైచిలుకు పౌండ్-అడుగుల మెలిక పడుతుంది. దీనిని లోపల పట్టి నిలిపేవి ఏమిటి? నూనెలో తడిసిన క్లచ్ ప్లేట్ల దొంతరలూ, ఒక ఇనుప పట్టీ. ఒక దొంతర ఎంత బలాన్ని పట్టగలదన్నది నాలుగు విషయాల గుణకారం: రాపిడి గుణకం, రాసుకునే తలాల సంఖ్య, ప్లేట్ల సగటు వ్యాసార్ధం, వాటిని నొక్కే బలం. మొదటి మూడూ కర్మాగారంలోనే స్థిరపడిపోయాయి. నాలుగోది, అంటే నూనె పీడనం, ప్రతి క్షణమూ మారుతూ ఉంటుంది. వాదమంతా ఈ నాలుగోదాని దగ్గర ఉంది. ఉభయ పక్షాలూ దాని ఊసెత్తవు.

700ఆర్4లో ఆ పీడనాన్ని నిర్ణయించేది ఒక సన్నని తీగ. కార్బురేటర్ నుంచి బాక్సు దాకా వెళ్ళే ఈ కేబుల్, డ్రైవరు కాలు ఎంత నొక్కాడో బాక్సుకు తెలియజేస్తుంది. కాలు లోతుకు పోయినకొద్దీ పీడనం పెరుగుతుంది, ప్లేట్లు గట్టిగా బిగుసుకుంటాయి. ఇప్పుడు మన వీరుడు కొత్త ఇంజనుతో పాటు కొత్త కార్బురేటర్ కూడా బిగించాడు. దాని లివరు కొలతలు వేరు. కేబుల్ సగమే లాగుతుంది. ఇంజను సర్వశక్తులతో గర్జిస్తోంది, బాక్సుకేమో డ్రైవరు తీరిగ్గా షికారుకు వెళుతున్నాడని కబురు అందుతోంది. పీడనం లేక మూడో నాలుగో గేర్లను పట్టే దొంతర జారుతుంది, జారి కాలుతుంది. కొద్ది మైళ్ళలోనే బాక్సు పని ముగుస్తుంది. అప్పుడతడు లోకానికి ఇచ్చే తీర్పు: "చూశారా, స్టాక్ బాక్సు నా ఇంజనును తట్టుకోలేకపోయింది." అదే కేబుల్‌ను అదే తప్పుడు తీరున బిగిస్తే, కర్మాగారపు పాత నీరసపు ఇంజను వెనుక కూడా ఆ బాక్సు అలాగే చచ్చేది. కాలిన ప్లేట్ల లెక్కలలో ఎన్ని బలాధిక్యం ఖాతాలో పడాలో, ఎన్ని తీగ ఖాతాలో పడాలో ఎవరూ విడదీయరు. విడదీయకుండానే "తట్టుకోదు" అన్న సిద్ధాంతం స్థిరపడిపోయింది.

కంప్యూటర్ వచ్చాక తీగ పోయింది గాని అబద్ధం పోలేదు. 4ఎల్60-ఈలో, ఇంజను ఎంత టార్క్ ఇస్తోందో కంప్యూటర్ లెక్కగట్టి, దానికి తగిన పీడనాన్ని ఆదేశిస్తుంది. గేరు మారే క్షణంలో స్పార్కును వెనక్కి జరిపి ఇంజనును కాసేపు శాంతింపజేస్తుంది కూడా. ఆ క్షణకాలపు సంయమనం ప్లేట్ల ఆయుష్షుకు ఎంతో మేలు. చిప్పుల వ్యాపారి మొదట చేసే పని ఆ సంయమనాన్ని తొలగించడం. "కుదుపు బాగా తెలియాలి" అని గ్రాహకుడే అడుగుతాడట. రెండో పని, ఇంజనుకు అందే ఇంధనాన్నీ గాలినీ పెంచి, టార్క్ లెక్కల పట్టికలను పాతవాటినే ఉంచడం. కంప్యూటర్ పాత ఇంజనునే ఊహించుకుంటూ పాత పీడనాన్నే ఆదేశిస్తుంది. బాక్సు బలహీనమైనది కావడం వేరు, బాక్సును మోసగించడం వేరు. దీనిని పరీక్ష అనడం అన్యాయం.

"అయితే బాక్సుకు నిజమైన హద్దే లేదంటారా?" అని ఎవరైనా అడగవచ్చు. ఉంది. దానికి సాక్ష్యం కార్ల కంపెనీలే. డాడ్జ్ రామ్ ట్రక్కులో 5.9 లీటర్ల కమిన్స్ డీజిల్ ఇంజను చరిత్ర చూడండి. 1996 నుంచి 1998 వరకు, చేతి గేర్ల ట్రక్కు కొన్నవారికి ఆ ఇంజను 215 హార్స్‌పవర్, 440 పౌండ్-అడుగులు ఇచ్చేది. ఆటోమేటిక్ కొన్నవారికి అదే ఇంజనును 180 హార్స్‌పవర్‌కు, 420 పౌండ్-అడుగులకు దించి ఇచ్చారు. 2001లో 505 పౌండ్-అడుగుల ఉత్తమ శ్రేణి వచ్చినప్పుడు, అది ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే దొరికేది. ఆటోమేటిక్ వారికి 460తో సరి. ఇంజను కట్టేవారికి బలం ఇవ్వడం చేతకాక కాదు. వారంటీ సొమ్ము చెల్లించవలసినవారు గీసుకున్న గీత అది. "ఢోకా లేదు" పక్షంవారు ఈ గీతను ఎందుకు ప్రస్తావించరో నాకు తెలియదు. ఆ గీత దాటించే పెట్టెలను అమ్మడమే వారి జీవనాధారం కావడం ఒక కారణం కావచ్చు.

ఆ ట్రక్కులలో ముందుగా లొంగిపోయేది కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్. హైవే మీద కన్వర్టర్ బిగుసుకున్నాక డీజిల్ టార్కంతా ఆ ఒక్క పళ్ళెం మీదే పడుతుంది. ఇంధనం పెంచితే అది జారుతుంది. అలా అరిగిన పొడి నూనెలో కలిసి బాక్సంతా తిరుగుతుంది, వాల్వులలో ఇరుక్కుంటుంది. చివరకు పోయింది మూడో గేరు కావచ్చు. వ్యాధి మొదలైంది మాత్రం కన్వర్టర్‌లో.

ఇక వేడి సంగతి. కన్వర్టర్ తన పూర్తి పట్టు అందుకొనే చుట్ల వేగాన్ని స్టాల్ స్పీడ్ అంటారు. అది స్థిరం కాదు. ఇంజను టార్క్ వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. 1600 చుట్ల వద్ద పట్టే కన్వర్టర్, టార్క్ ఒకటిన్నర రెట్లయితే సుమారు 1960 దగ్గర గాని పట్టదు. చక్రాలు కదలకుండా ఆ స్థితిలో ఉన్నంతసేపూ ఇంజను శక్తి యావత్తూ నూనెను కాచడానికే ఖర్చవుతుంది. 2000 చుట్ల వద్ద 300 పౌండ్-అడుగులంటే 114 హార్స్‌పవర్, అంటే 85 కిలోవాట్లు. మన ఇళ్ళలో బకెట్ నీళ్ళు కాచుకొనే ఇమ్మర్షన్ రాడ్డు ఒకటిన్నర కిలోవాట్లది. అటువంటివి యాభైకి పైగా ఆ కొద్దిపాటి నూనెలో ముంచినట్టు. ఎనభై డిగ్రీలు దాటాక, ప్రతి పది పదకొండు డిగ్రీలకూ నూనె ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కులు చెప్పుకొనే లెక్క ఒకటి ఉంది. స్థూలమైనదే గాని, తోవ తప్పించేది కాదు. సీళ్ళు గట్టిపడతాయి, పీడనం కారిపోతుంది, ప్లేట్లు జారతాయి, జారితే మరింత వేడి. ఇది ఒకసారి మొదలైతే ఆగదు. మూడువేల డాలర్లు ఇంజను మీద పోసి, రేడియేటర్ ముందు ఒక అదనపు ఆయిల్ కూలర్‌కు వంద డాలర్లు పెట్టడానికి చేయి రాని పిసినారితనాన్ని ఏమనాలి?

నా మీద ఎక్కుపెట్టదగిన ప్రబలమైన అభ్యంతరం బ్యూక్ గ్రాండ్ నేషనల్. 1987లో టర్బో వి6 ఇంజనుతో 245 హార్స్‌పవర్, 355 పౌండ్-అడుగులు ఇచ్చిన ఆ కారులో ఉన్నది 200-4ఆర్, అంటే అపకీర్తి పాలైన తేలికపాటి 200 శ్రేణికి తోబుట్టువు. అది చక్కగా నడిచింది. "చూశారా, తేలిక బాక్సే మోసింది కదా!" మోసింది. కాని ఆ కారు కోసం జనరల్ మోటార్స్ దాని వాల్వ్ బాడీ అమరికను, గవర్నరును, సర్వోను, కన్వర్టర్‌ను ప్రత్యేకంగా ఎంచి బిగించింది. మరో కుటుంబపు కారు నుంచి ఊడదీసిన 200-4ఆర్ పైకి అచ్చంగా అలాగే కనిపిస్తుంది. లోపలి సంగతి వేరు. డ్రాగ్ పందాలలో ఈనాటికీ వెలిగే పవర్‌గ్లైడ్ కథ మరీ విచిత్రం. 1973తో ఉత్పత్తి ఆగిపోయిన రెండు గేర్ల బాక్సు అది. వేల గుర్రాలు మోస్తుందంటారు, ఫోటోలు చూపుతారు. లోపల షెవ్రోలే నాడు పోసిన ముక్క ఒక్కటైనా మిగిలి ఉందా అని అడిగితే మౌనం. నేతిబీరకాయలో నేతి వంటిది ఆ "స్టాక్" అన్న మాట.

నిజంగా పుట్టుకతోనే మిగులు బలం ఉన్న బాక్సులు లేకపోలేదు. 1964 నాటి టర్బో 400 అటువంటిది. దానిని రోల్స్‌రాయిస్ సిల్వర్ షాడోలో వాడుకుంది. ఫెరారి తన 400 నమూనా కారులో పన్నెండు సిలిండర్ల ఇంజను వెనుక పెట్టుకుంది. కర్మాగారపు బాక్సు పెద్ద ఇంజనును మోయగలదనడానికి ఇంతకంటే గౌరవనీయమైన రుజువు ఉండదు. అయితే దానికి ఓవర్‌డ్రైవ్ లేదు, అది బరువైనది, తనను తాను తిప్పుకోవడానికే కొంత శక్తి తింటుంది. "తీసి పారేయండి" పక్షంవారు ఈ బాక్సును చూసి కాస్త తగ్గి మాట్లాడాలి.

ఇంకొక వంచన ఉంది. "నాది రెండేళ్ళుగా నడుస్తోంది" అన్న సాక్ష్యం. నడుస్తోందా? ఎటువంటి బండిలో? తేలిక కారుకు సన్నని టైర్లుంటే, బాక్సు జారేలోపే టైర్లు జారిపోతాయి. ఆ టైర్లే ఫ్యూజు. పావుమైలు పందెం పదిహేను సెకన్ల లోపు ముగిసిపోతుంది, ఆ తరువాత చల్లబడేందుకు గంట వ్యవధి. అదే ఇంజనును మూడు టన్నుల ట్రక్కులో పెట్టి, వెనుక ట్రెయిలర్ తగిలించి, కొలరాడో కనుమలో ఎండవేళ ఎక్కించండి. బాక్సు అదే, ఇంజను అదే, తీర్పు వేరు. బండి బరువు చెప్పకుండా బాక్సు బలం చెప్పేవాడిని నేను నమ్మను.

ఇదంతా ఎవరి సొమ్ముతో వారాడుకొనే ఆటయితే ఇంత ఆవేశం నాకు అక్కరలేదు. కాని ఈ బండ్లు చేతులు మారతాయి. చిప్పు పెట్టి నాలుగేళ్ళు విరగదీసినవాడు, అమ్మేముందు చిప్పు పీకి, నూనె మార్చి, "అంతా స్టాక్, ఎవరూ ముట్టుకోలేదు" అని ప్రకటన ఇస్తాడు. కొనేవాడు సామాన్యుడు. చదువుకోవడానికి వచ్చి మొదటి సెకండ్‌హ్యాండ్ బండి కొనే మన పిల్లలూ అందులో ఉన్నారు. కొత్త నూనె పోసిన కాలిన ప్లేట్లు కొన్ని వారాలు బాగానే పట్టుకుంటాయి. ఆ తరువాత వచ్చే బిల్లు ఒక్కొక్కసారి బండి వెల కంటే ఎక్కువ. "ఢోకా లేదు" అన్నవాడు ఆ బిల్లులో పైసా కట్టడు.

కనుక ఈ వ్యాపారులను నేను కోరేది ఒక్కటే. మీ బాక్సు మీద అంకె వేయండి, అభ్యంతరం లేదు. ఆ అంకె టార్కులో ఉండాలి. దాని పక్కనే బండి బరువు, ఏ కన్వర్టర్, పూర్తిగా తొక్కినప్పుడు నూనె పీడనం ఎంత, కొండెక్కేటప్పుడు నూనె వేడి ఎంత అన్నవి కూడా రాయండి. పీడనం చూడడానికి బాక్సు పక్కన మరచుట్టు రంధ్రం కంపెనీయే పెట్టి ఇచ్చింది. గేజి వెల ఒక పూట హోటలు భోజనం కంటే పెద్దగా ఎక్కువ కాదు. విభేదించే మిత్రులను సాదరంగా ఆహ్వానిస్తున్నాను, కాని దయచేసి ఆ గేజి చూపిన అంకెతో రండి. "మా బావగారి కారు బాగానే నడుస్తోంది" అన్న వ్యాఖ్యకు జవాబు రాసే ఓపిక నాకు లేదు.