సాఫ్రన్ వాల్డెన్ కాటేజీ.. హైదరాబాద్ ఫ్లాట్

కేంబ్రిడ్జ్‌కు దక్షిణాన, ఎసెక్స్ కౌంటీలో సాఫ్రన్ వాల్డెన్ అని ఓ చిన్న పట్టణం ఉంది. ఒకప్పుడు ఇక్కడి పొలాల్లో కుంకుమపువ్వు పండించేవారు, ఆ పేరు అలా వచ్చిందే. కొన్ని వందల ఏళ్ల నాటి చెక్క చట్రాల ఇళ్లు ఇక్కడి పాత వీధుల్లో ఇంకా నిలబడే ఉన్నాయి. వాటిలో ఒకటి అమ్మకానికి వచ్చిందంటే చాలు, కేంబ్రిడ్జ్ చుట్టుపక్కల ఉండే మన వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఫొటోలు తిరుగుతాయి. హాల్లో నల్లటి దూలాలు, ప్రశాంతమైన ఊరు, ఆడ్లీ ఎండ్ స్టేషన్ నుంచి లండన్‌కు గంట ప్రయాణం. ఎవరికైనా మనసు లాగుతుంది.

ఆ మధ్య ఓ మిత్రుడి కుటుంబంతో అలాంటి కాటేజీ చూడటానికి వెళ్లాను. అడుగుతున్న ధర 4 లక్షల పౌండ్లు. ప్రకటన చివర్లో చిన్న మాట: 'గ్రేడ్ 2 లిస్టెడ్'.

అంటే ఇల్లు మనదే, ఇష్టం మాత్రం మనది కాదు. చారిత్రక కట్టడాల జాబితాలో ఉన్న ఇంటికి లోపలా బయటా రక్షణ ఉంటుంది. మెట్లు, తలుపులు, పొయ్యి గూడు కూడా అందులోకే వస్తాయి. అనుమతి లేకుండా వాటి స్వరూపం మారిస్తే 1990 నాటి చట్టం ప్రకారం నేరం, రెండేళ్ల వరకు జైలు కూడా పడొచ్చు. పోపు ఘాటు బయటికి పోవడానికి గోడకు కన్నం పెట్టి ఫ్యాన్ బిగించాలన్నా ముందు కౌన్సిల్‌ను అడగాల్సిందే. వెనకటి యజమాని దొంగచాటుగా కిటికీలు మార్చి ఉంటే శిక్ష అతనికే, కానీ సరిచేయమన్న నోటీసు ఇప్పటి యజమానికి వస్తుంది. దానికి కాలపరిమితి లేదు. అనుమతి పొందిన మార్పులకు ఒకప్పుడు వ్యాట్ మినహాయింపు ఉండేది, 2012 అక్టోబరులో దాన్నీ తీసేశారు.

గోడల సంగతి మన పల్లెటూరి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తడక మీద మట్టి మెత్తి, పైన సున్నం పూసిన గోడ. అది తేమ పీల్చుకుని వదిలేస్తుంది. ఎవరైనా దాని మీద సిమెంట్ పూస్తే తేమ లోపలే ఉండిపోయి చెక్క పుచ్చుతుంది. అందుకే బ్యాంకు వాల్యుయేషన్‌తో సరిపెట్టుకోకుండా, పాత ఇళ్లు తెలిసిన సర్వేయర్‌తో లెవల్ 3 సర్వే చేయించుకోవడం మంచిది.

ఇదంతా ఒక ఎత్తు. మన కుటుంబాలకు అసలు దెబ్బ స్టాంప్ డ్యూటీలో ఉంది, దీని గురించి చాలామంది చివరిదాకా ఆలోచించరు. 2025 ఏప్రిల్ 1 నుంచి ఇంగ్లండ్‌లో అమల్లో ఉన్న రేట్ల ప్రకారం, 4 లక్షల ఇంటికి మొదటిసారి కొనేవారు కట్టేది 5,000 పౌండ్లు. మిగతావారు 10,000. ఇంకో ఇల్లు ఉన్నవారికి మొత్తం ధర మీద అదనంగా 5 శాతం, అంటే 30,000. ఆ 'ఇంకో ఇల్లు' ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. మా మిత్రుడు ఇక్కడ అద్దెకుంటున్నాడు, మియాపూర్‌లో సొంత ఫ్లాట్ ఉంది. దాని విలువ 40,000 పౌండ్లు దాటితే చాలు. ఫ్లాట్ ఆయన పేరున కాకుండా భార్య పేరున ఉన్నా, దంపతులను ఒకటిగానే చూస్తారు.

ఇంగ్లండ్‌లో తాము ఉంటున్న సొంతిల్లు అమ్మి మరోటి కొనేవారికి ఈ అదనపు పన్ను పడదు, ఇండియాలో ఎన్ని ఇళ్లున్నా సరే. అద్దెకుండేవారికి ఆ వెసులుబాటు లేదు. అంతేకాదు, వారసత్వంగా వచ్చిన ఇంట్లో వాటా ఉన్నా 'మొదటిసారి కొనేవారి' రాయితీ పోతుంది. కొనుగోలు పూర్తయ్యేలోపే మియాపూర్ ఫ్లాట్ అమ్మేస్తే మా వాడికి 20,000 మిగులుతాయి, 5,000 రాయితీ మాత్రం తిరిగి రాదు. నాన్నగారి డబ్బుతో మన పేరున కొన్న ఇళ్ల లెక్క మరీ చిక్కు. ఆఫర్ పెట్టకముందే ఆ కాగితాలు సొలిసిటర్‌కు చూపించండి.