పసిబిడ్డ కంటిలోని తెల్లని మెఱుపు

రేపల్లెనుండి యొక సోదరి యిట్లు వ్రాసినారు: “మా పెద్దబిడ్డకు రెండు కన్నులలోను కేన్సరు పుట్టి, ఒక కన్ను తీసివేయవలసి వచ్చినది. మేనరికమువలననే యిట్లయ్యెనని మా యత్తవారు నన్ను నిందించుచున్నారు. నేను మరల గర్భవతిని. ఈ బిడ్డకును ఆ గతి పట్టునా?”

సోదరీ, ముందు ఆ నిందను తొలగింతము. ఈ వ్యాధిని రెటినోబ్లాస్టోమా యందురు. 15,000 మొదలు 20,000 శిశువులలో నొకరికి వచ్చును. 13వ క్రోమోజోముపైనున్న ఆర్.బి.1 అను జన్యువు కణములు మితిమీఱి పెరుగకుండ కాచుచుండును. ప్రతి కణమందును దానికి రెండు ప్రతులు గలవు. రెండును చెడినగాని ఈ వ్యాధి పుట్టదు. ఈ సంగతిని 1971 లో నుడ్సన్ అను అమెరికా వైద్యుడు ఊహించెను. 1986 లో జన్యువే చేజిక్కెను. ఒక ప్రతి పుట్టుకతోనే చెడియున్న బిడ్డకు తఱచుగా రెండు కన్నులకును వచ్చును. ఆ చెడిన ప్రతి తల్లి దండ్రులలో నొక్కరినుండియే రావచ్చును. పెక్కిండ్లలో ఇరువురియందును లేకయే బిడ్డయందు క్రొత్తగా కలుగును. కావున మేనరికముతో దీనికి పొత్తు లేదు. మేనరికమునకు వేఱు చిక్కులు గలవు, అది వేఱు మాట.

ఇక రెండవ బిడ్డ సంగతి. మొదట పెద్దబిడ్డ రక్తమునే పరీక్షింపవలయును. లోపమెచ్చటనో తెలిసినగాని ఇతరుల రక్తములో దేనిని వెదకుదురు? పిదప మీ యిరువురి రక్తమును చూతురు. ఒకరియందున్నచో బిడ్డకు సగపాలు భయము. ఇరువురియందు లేకున్నను, పుట్టిన బిడ్డ బొడ్డుత్రాటి రక్తమును చూపించుటే మేలు. లోపము లేదని తేలిన బిడ్డకు మాటిమాటికి మత్తిచ్చి కన్ను చూచు బాధ తప్పును. ఉన్నచో పుట్టినది మొదలు చూచుచుండి, కురుపు ఆవగింజంత యుండగనే లేజరుతో కాల్చి కన్ను దక్కింపవచ్చును. ఫలితమునకు వారములు పట్టును గనుక ప్రసవము వఱకు ఆగవలదు. విజయవాడచెంత తాడిగడపలో 2011 నుండి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థవారి యాసుపత్రి గలదు, అచ్చట విచారింపుడు.

బాపట్ల సోదరి మామగారి కంటికి వచ్చిన మెలనోమా వేఱు వ్యాధి. పెద్దలకు వచ్చునది, మనదేశమున మిక్కిలి యరుదు. అందు ముఖ్యముగా పరీక్షించునది కురుపుముక్కను. 3వ క్రోమోజోము ఒకటి లోపించినచో కాలేయమునకు ప్రాకు భయము హెచ్చు. ఆ మార్పు కురుపులో పుట్టినదే. మనుమలకు సంక్రమించునది కాదు.

తెనాలి సోదరి తమ పాప ఛాయాచిత్రమును పంపినారు. ఒక కంటిపాప ఎఱ్ఱగాను, రెండవది పిల్లికంటివలె తెల్లగాను మెఱయుచున్నది. వెలుతురు పడిన తీరువలనను అట్లు కనబడవచ్చును. అయినను ఈ సంచిక చేరిన మఱునాడే పాపను, ఆ చిత్రమును వెంటగొని నేత్రవైద్యునియొద్దకు పొండు.