కందెన ఇరుసుకు పెట్టండి



"షాఫ్టు బండికి ఏ సేవా అక్కరలేదు" అన్న మాట ఈ మధ్య చదువుకున్నవారి నోటనే ఎక్కువగా వినబడుతున్నది. గొలుసు లేదు గనుక నూనె వేసే పని లేదట, బిగించే పని లేదట, ఎక్కి తోలుకోవడమేనట! ఈ మాట అసత్యం. నమ్మినవాని జేబుకు చేటు, ఒక్కొక్కసారి ప్రాణానికీ చేటు. తెలుగు పండితునికి మోటారు సైకిలుతో ఏమి పని అని అడుగబోయేవారికి ముందే మనవి చేస్తున్నాను. "కందెన" మన మాట. ఆ మాటకు పట్టిన దుర్గతియే ఈ టపాకు కారణం.

కరణాన్ని మంచి చేసుకొమ్మని చెప్పడానికి సుమతీ శతకకారుడు ఇరుసునూ కందెననూ దృష్టాంతంగా తెచ్చాడు. మనవారు కరణాన్ని పట్టుకొని ఇరుసును విడిచిపెట్టారు. ఫైలు కదలడానికి ఎవరి చెయ్యి తడపాలో పసిపిల్లవానికి సైతం తెలుసు. బండి కదలడానికి ఎక్కడ తడపాలో బండి యజమానికి తెలియదు.

ఇక విషయానికి వస్తాను. 1923లో బి.ఎం.డబ్ల్యూ. సంస్థ తన తొలి మోటారు సైకిలు ఆర్ 32ను షాఫ్టుతోనే తెచ్చింది. హోండా గోల్డ్ వింగుదీ అదే మార్గం. ఇంజను శక్తిని వెనుక చక్రానికి చేర్చే ఆ ఇనుప కడ్డీ కొసన నిలువు గాళ్ళు చెక్కి ఉంటాయి. ఎదుటి భాగం లోపల వాటికి సరిపడే గాళ్ళు ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూరి, రెండూ కలిసి తిరుగుతాయి. వీటినే స్ప్లైన్లు అంటారు. మనం పళ్ళు అందాము. గతుకుల్లో చక్రం లేచి పడినప్పుడల్లా ఈ పళ్ళు ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి జారుతూ ఉంటాయి.

ఆ వెంట్రుకవాసి కదలికలోనే ప్రమాదమంతా ఉన్నది. బరువు మోస్తూ కొద్దికొద్దిగా రాసుకొనే ఉక్కు నుండి సన్నని రజను రాలుతుంది. అది గాలి తగిలి ఇటుకపొడి రంగు తుప్పుగా మారుతుంది. ఆ పొడి ఆకురాయిలా పళ్ళను మరింత అరగదీస్తుంది. చివరికి పళ్ళు కత్తిమొనలవుతాయి. ఒకనాడు ఇంజను మోగుతుంది, గేరు పడుతుంది, బండి మాత్రం కదలదు. పోయేది చిన్న వస్తువు కాదు. షాఫ్టో, చక్రపు హబ్బో, రెండూనో మార్చవలసి వస్తుంది.

"అంతా మూసి ఉంటుంది కదా, దానికేమవుతుంది?" అంటారు. మూసినంత మాత్రాన కందెన శాశ్వతం కాదు. అది ఎండిపోతుంది, పక్కకు తోసుకుపోతుంది, నీరు చేరితే కొట్టుకుపోతుంది. "వెనుక గేరు నూనె మార్పించాను గదా!" అని మరొకరు. చాలా బండ్లలో ఆ నూనె ఈ పళ్ళ దాకా రానేరాదు. అడ్డంగా సీలు ఉంటుంది. "ఏ గ్రీజైతేనేమి?" అని మూడవ ప్రశ్న. ఒత్తిడికి మామూలు గ్రీజు పక్కకు జరిగిపోతుంది. మాలిబ్డినమ్ డైసల్ఫైడ్ కలిసిన నల్లని పేస్టు అయితే, నూనె పోయినా ఘనపదార్థం ఉక్కును అంటిపెట్టుకొని ఉంటుంది. ఆముదంలో వరిగడ్డి మసి కలిపి ఇరుసుకు పూసిన మన రైతుకు ఈ మాట కొత్త కాదు.

పని కూడా పెద్దది కాదు. టైరు మార్చడానికి వెనుక చక్రం ఎలాగూ విప్పుతారు. అప్పుడే పాత కందెనను గుడ్డతో, కిరోసినుతో శుభ్రంగా తుడిచి, ఆరనిచ్చి, పళ్ళ అంచులు చూసి, కుంచెతో పలుచగా పూయాలి. అతి చేయరాదు. ఎక్కువైన కందెన పక్కనున్న బ్రేకు మీదికి చిందితే బ్రేకు పట్టదు. తక్కినదంతా ఆయా బండి మాన్యువలు చెప్పినట్లు చేయాలి.

మా కొత్తగూడెంలో మోటారు సైకిళ్ళు దాదాపు అన్నీ గొలుసు బండ్లే గదా, ఈ గోల మీకెందుకు అంటారేమో. ఒక్కసారి బొగ్గు లారీ కిందికి వంగి చూడండి. గేరుపెట్టె నుండి వెనుక ఇరుసుకు పోయే పొడుగాటి షాఫ్టులో ఇవే పళ్ళు ఉన్నాయి, గ్రీజు ఎక్కించడానికి చిన్న నిపిలు కూడా ఉన్నది. దాని మీద బొగ్గుపొడి పేరుకొని నిపిలు కనబడకపోతే ఆ లారీ గతి మీరే ఊహించండి. బయలుదేరేటప్పుడు కింద 'టక్కు'మనే చప్పుడు వినిపిస్తే కారణాల్లో ఇదీ ఒకటి. బరువుతో పోయే లారీ కింద షాఫ్టు ఊడిపడితే వెనుక వచ్చే సైకిలువాడు ఏమి కావాలి?

గనిలో ఇలా జరగనివ్వరు. వైండింగు ఇంజనునూ దాని తాళ్ళనూ ప్రతిదినం అర్హుడైన మనిషి పరిశీలించి పుస్తకంలో వ్రాయాలని 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలు శాసించాయి. మనుషుల ప్రాణాలు ఆ తాడుకు వేలాడుతున్నవి గనుక. మరి అదే మనిషి షిఫ్టు దిగి ఇంటికి పోయే బండికి పుస్తకం ఏదీ? సర్వీసు చీటీ మీద "గ్రీజింగు" అన్న గడిలో ఒక టిక్కు ఉంటుంది. ఎక్కడ పెట్టారు, ఏది పెట్టారు, పాతది తుడిచారా? ఆ టిక్కు ఏమీ చెప్పదు. నేను బడిలో ఇటువంటి జవాబుకు సున్న వేసేవాణ్ణి.

తప్పు మెకానిక్కు కుర్రవానిది కాదు. అతనికి వచ్చిన భాషలో మాన్యువలు ఇవ్వనివారిది, అడగని యజమానిది, "సేవ అక్కరలేని బండి" అని అమ్మినవారిది. తెలుగులో పద్యం వ్రాయగలిగిన మనం, తెలుగులో ఒక చక్రం విప్పే విధానం వ్రాయలేమా? బండి ఉన్న బ్లాగ్మిత్రులు తమ బండి సేవను తమ భాషలో వ్రాయండి. సర్వీసుకు ఇచ్చినప్పుడు టిక్కును నమ్మకండి. పాత కందెన తుడిచిన గుడ్డ చూపించమనండి. ఆ గుడ్డ మీద ఎర్రపొడి కనబడితే, సేవ అక్కరలేదన్నవానికి దాన్నే పంపండి.

స్వస్తి.