కారు ట్రాక్‌కు బోయివచ్చిన పిమ్మట



మామిడి పిందె కట్టు దినములలో మా రెడ్డిగూడెమునకు బంధువులు రారు. కాయ పక్వమునకు వచ్చినపిమ్మట వారిని లెక్కింప శక్యము గాదు. కావున గడచిన ఫాల్గుణమున మా మరదలు పిల్లలిద్దరను గూర్చుండబెట్టుకొని బెజవాడనుండి తానే కారు నడుపుకొని వచ్చినప్పుడు నాకు సంతోషముతోబాటు సందేహమును గలిగెను. కాళ్లు కడుగుకొనక మునుపే యామె, "వదినగారూ, మైలవరము దాటినది మొదలు బ్రేకు తొక్కినప్పుడెల్ల ముందుచక్రము కీచుమని యరచుచున్నది. మొన్నటిదాక నీ చప్పుడు లేదు" అనెను.

ఊరి మెకానిక్కు వచ్చి చక్రమూడదీసి చూపగా బ్రేకు ప్యాడ్లు రేకువలె పలుచనై యుండెను. ప్యాడు అరిగి చివరకు వచ్చినప్పుడు కూతవేయుటకై దానికొక చిన్న యినుపనాలుకను తయారుచేయువారే యమర్చుదురట. అరచినది యా నాలుకయే. పాటల పెట్టె గట్టిగా మ్రోగుచుండినచో మరదలికది వినబడియుండదు. పిల్లలు వెనుక గూర్చుండియుండిరి.

"ఈ బండిని పందెములలో దోలినారా యేమి?" అని మెకానిక్కు నవ్వెను. మాకు నవ్వు రాలేదు. ఫోనులో గద్దించి యడుగగా మా తమ్ముడు నిజము చెప్పెను. ముందటి వారము "చెన్నపట్టణములో పని" యని యతడు పోయినది ఇరుంగాట్టుకోట్టైలోని పందెపుబాటకు. స్నేహితులతో గూడి రుసుము చెల్లించి, మనము సంతకు బోవు కారునే యచట దిన మెల్ల దోలివచ్చినాడు.

దీనిని ట్రాక్ డే యందురు. ఇది పందెము గాదు, గెలుపోటములు లేవు. ఎవరి బండి వారు తెచ్చుకొని, తలకు హెల్మెట్టు ధరించి, అనుభవమునుబట్టి జట్లుగా నేర్పడి, పావుగంటయో యిరువది నిమిషములో తిరిగి వత్తురు. పసుపుజెండా యెత్తిన ముందర నపాయమని, ఎఱ్ఱజెండా యెత్తిన నెల్లవారు నెమ్మదిగా మరలవలెనని, నీలిజెండా యెత్తిన వెనుకవానికి దారి యీయవలెనని ముందే బోధింతురు. బెజవాడనుండి చెన్నపట్టణము బోవు పెద్దరోడ్డుమీద షోలవరము తగులును గదా. రెండవ ప్రపంచయుద్ధపు కాలమున విమానములు దిగుటకై వేసిన యచటి బాటమీదనే పూర్వము కార్ల పందెములు జరిగెడివి. ఇరుంగాట్టుకోట్టై బాట 1990లో తెరవబడినది. చుట్టుకొలత సుమారు 3.7 కిలోమీటర్లు. మన తెలుగువారనేకులు కాపురముండు కోయంబత్తూరులోను, 1995లో విమానప్రమాదమున గతించిన కరివర్ధన్ అను పందెగాని పేర నింకొక బాట కలదు.

తమ్ముడు పోయినందుకు నాకు కోపము లేదు. ఈ మాట చదివి కొందరు నన్ను దూఱుదురేమో, దూఱనిండు. అచట నెదురుగా వచ్చు బండి లేదు, మేకలమంద లేదు, బడి విడిచి పరుగెత్తు పిల్లలు లేరు. ఆంబులెన్సు సిద్ధముగా నుండును. నూజివీడు రోడ్డున మామిడికాయల ట్రాక్టర్ల నడుమ దూసికొనిపోవు కుఱ్ఱలను మేము ప్రతి వేసవిని జూచుచున్నాము. బాటసారులు తిరుగు రోడ్డుమీద పందెము వేయుట మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద నేరము; 2019 సవరణముతో మొదటి తప్పునకే మూడు నెలలదాక చెఱయో, అయిదువేల రూపాయలదాక జుల్మానాయో, రెండునో విధింపవచ్చును. వడి యను నది రక్తములో నున్నవారికి గోడలు గట్టిన చోటే మేలు.

నా కోపము దాచినందుకు. కారు ఇంటిది గాని యొక్కనిది గాదు. మా వారు బడిపంతులు గనుక నల్లబల్ల లేకున్నను లెక్క చెప్పక మానరు: వడి రెండింతలైన బండిని నిలుపుటకు బ్రేకు మ్రింగవలసిన శక్తి నాలుగింతలు, మూడింతలైన తొమ్మిదింతలు. ఒక్కొక్క మలుపుకడ నా వేడి యంతయు ఆ చిన్న ప్యాడ్లమీద బడును. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను బీల్చుకొనును; పాతబడినకొలది తక్కువ వేడికే మరగి యావిరి పుట్టును, అపుడు పెడలు మెత్తబడి కాలిక్రింద దిగిపోవును. ఒక్క దినములో నెన్ని నెలల యరుగుదల జరిగినదో బండి పైకి జూచిన తెలియదు. బీమా సంగతి యింకొకటి. మన యిండ్లలోని మామూలు మోటారు బీమా పందెములకును వేగపరీక్షలకును వర్తింపదు. పత్రమున వాడుక పరిమితులను చోట నది వ్రాసియేయుండును. మన మది తెరచి చూడము, బీరువాలో పట్టుచీరెల క్రింద బెట్టుదుము.

నలోపాఖ్యానమున ఋతుపర్ణుని యుత్తరీయము జారిపడి, దానిని దెమ్మను లోపల రథము యోజనము దాటిపోయిన కథ యెల్లరు చెప్పుదురు. బయలుదేరక పూర్వము బాహుకు డశ్వశాలకు బోయి గుఱ్ఱములను పరీక్షించి యేఱుకొన్న కథ తక్కువమంది చెప్పుదురు. అంతఃపురమున గూర్చుండి రథపు చప్పుడును బట్టి సారథి నెఱిగిన దమయంతిని మాత్రము నే నా సాయంకాలమే తలంచుకొంటిని. మా మరదలికి చదువు నాకంటె నెక్కువ, పురాణము తక్కువ. చెప్పగా నవ్వి, "ఆ చెవి నాకు నున్నదిలే వదినగారూ" అనెను.

ఆదివారమునాడు తమ్ముడు వచ్చి తల వంచుకొని కూర్చుండెను. మరదలు అరవలేదు, ఏడ్వలేదు. కాగితముమీద వ్రాయించినది: పోవుటకు ముందు ప్యాడ్లు, టైర్లు, బ్రేకు ఆయిలు చూపింపవలెను, వచ్చినపిమ్మట చక్రము లూడదీయించి చూడక పిల్లల నెక్కింపరాదు, ఆ దినమునకు వేఱు బీమా దొరకినచో తీసికొనవలెను, దొరకనిచో బండికి నష్టము వచ్చిన నతని జేబునుండియే. అతడు మూడింటికిని సంతకము చేసినాడు. నాలుగవది యామె పైకి చదువలేదు, తానే చేర్చినది: ఈ తడవ తానును వచ్చి రెండు చుట్లు నడుపునట. వెడలునప్పుడు చిన్నరసాలు పండగానే పంపుమని చెప్పి, హెల్మెట్టు కొలత చూచుకొనుటకు నా కుట్టుపెట్టెలోని టేపు పట్టుకొనిపోయినది.